క్యూబిస్ట్ బొమ్మలో ఎద్దు: నాకొక్కడికే కనబడటం లేదా?

ఎడిసన్_నాన్న
మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని పోయిన ఆదివారం న్యూయార్క్‌లో మెట్ మ్యూజియంకి వెళ్ళాం. ఎనిమిదో క్లాసు. కదలని వస్తువులు ముందు పెట్టుకుని వేసే స్టిల్ లైఫ్ బొమ్మ ఒకటి ఎంచుకుని, అందులో ఏముందో, తనకేం అర్థమైందో రెండు పేజీలు రాయాలట. పువ్వులో పళ్ళో ఉన్న బొమ్మ తీసుకోవే తల్లీ అంటే వినలేదు. హువాన్ గ్రీస్ అనే స్పెయిన్ ఆయన 1915లో వేసిన క్యూబిస్ట్ బొమ్మ పట్టుకుంది, అంటే వస్తువుల్ని ముక్కలు చేసి అతికినట్టు వేసే రకం. గళ్ళ టేబుల్‌క్లాత్‌తో స్టిల్ లైఫ్ అని పేరు. నిలువు బొమ్మ, 116 సెంటీమీటర్ల ఎత్తు, 89 వెడల్పు.

బల్ల మీద ద్రాక్షపళ్ళు, కాఫీ కప్పులు, గ్లాసులు, వైన్ సీసా, బీరు సీసా, న్యూస్‌పేపరు, గిటార్ ఉన్నాయట. "ట" ఎందుకంటే ద్రాక్షపళ్ళు, సీసా తప్ప మిగతావి ఎవరో చెబితేగానీ నాకు తెలియలేదు. అద్దం కిందపడి పగిలితే ముక్కలు ఎవరో హడావుడిగా అతికించినట్టుంది. సరే, అంతవరకూ ఓర్చుకున్నా.

అసలు గొడవ ఇక్కడ. ఇందులో ఒక ఎద్దు తల కూడా ఉందని మ్యూజియం వాళ్ళే రాశారు. కింద మధ్యలో ఉన్న కాఫీ కప్పు దాని మోర. ఎడమవైపు నలుపు తెలుపు వలయాలు కన్ను. బీరు సీసా చెవి. గిటార్ వంపు కొమ్ములు. మా ఆవిడకి రెండు నిమిషాల్లో కనబడింది. అమ్మాయికి చదవకముందే కనబడిందట. నేను ఇరవై నిమిషాలు నిలబడ్డా. ఆఖరికి గార్డు బొమ్మని వదిలేసి నన్ను చూడటం మొదలుపెట్టాడు.

నాకు కనబడలేదు. లోపం నాలో ఉందా, బొమ్మలో ఉందా? లేక చెప్పారు కాబట్టి అందరూ కనబడింది కనబడింది అంటున్నారా?

చింతచిగురు
దేవతావస్త్రాల కథ. మీరొక్కరే నిజం చెప్పారు.

మొద్దబ్బాయి
ఫోన్లో చూశా. నాకు ఎద్దు కాదు, మా మేనేజర్ కనబడుతున్నాడు.

లెక్కల_పంతులమ్మ
చింతచిగురుతో నేనూ ఏకీభవిస్తా. మా ఎదురింటివాళ్ళకి ఒకసారి బంగాళాదుంపలో వినాయకుడు కనబడ్డాడు. పసుపూ కుంకుమా పెట్టి మూడు రోజులు గూట్లో ఉంచారు. నాలుగో రోజు మొలకలొచ్చాయి. తొండం ఇదిగో, చెవి ఇదిగో అని వేలు పెట్టి చూపిస్తే ఎవరికైనా కనబడుతుంది. గీతలు ఎక్కువున్న బొమ్మలో ఏం కావాలంటే అది దొరుకుతుంది. అంతమాత్రాన వేసినవాడు దాన్ని ఉద్దేశించాడని ఎలా చెబుతాం?

ఒంగోలు_గిత్త
చిన్న సవరణ. ఎద్దు కాదు, ఆంబోతు. ఎద్దంటే కాడికి కట్టేది, దానికి చిన్నప్పుడే పని కానిచ్చేస్తారు. స్పెయిన్లో గోదాలోకి వదిలేది ఆంబోతుని.

మొద్దబ్బాయి
350 కోట్ల బొమ్మ గురించి మాట్లాడుతుంటే మీ బాధ మీది.

ఎడిసన్_నాన్న
350 కోట్లా???

మొద్దబ్బాయి
2014 ఫిబ్రవరిలో లండన్ క్రిస్టీస్ వేలంలో 3.48 కోట్ల పౌండ్లకి పోయింది. అప్పటి రేటు ప్రకారం 350 కోట్ల రూపాయలు ఈజీగా దాటుతుంది. కాస్మెటిక్స్ కంపెనీ లౌడర్ గారు తన క్యూబిస్ట్ సేకరణ మొత్తం మెట్‌కి ఇచ్చేస్తానని 2013లో మాటిచ్చాడు. ఇది కూడా అందులో చేరింది.

ఒంగోలు_గిత్త
బ్రెజిల్లో మన ఒంగోలు జాతి ఆవుకి 40 కోట్ల దాకా విలువ కట్టారని పేపర్లో వచ్చింది. అది పాలైనా ఇస్తుంది.

డ్రాయింగ్_మాష్టారు
నేను హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్‌గా చేసి రిటైరయ్యాను. ఎడిసన్ నాన్నగారూ, మీరు చేసిన పొరపాటు ఒక్కటే. వెళ్ళీవెళ్ళగానే ఎద్దుని వెతికారు. దాన్ని కాసేపు మర్చిపోండి. ముందు బల్ల చూడండి.

మామూలు స్టిల్ లైఫ్‌లో చిత్రకారుడు ఒకచోట కూర్చుని, అక్కడినుంచి కనబడింది వేస్తాడు. చూసేవాళ్ళం మనం కూడా అదే కుర్చీలో కూర్చుంటాం. క్యూబిస్టులు ఆ కుర్చీ తీసేశారు. అందుకే మీకు కాలు నిలవలేదు. ఈ హువాన్ గ్రీస్ పద్ధతి ఏమిటంటే, రంగు కాగితాలు, మైనపు కాగితాలు ఏటవాలుగా కోసి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఒక కాగితంలో గ్లాసు రూపురేఖ మాత్రమే. పక్క కాగితంలో అదే గ్లాసు నీడా వెలుగుతో. రెండూ కలిసేచోట గీత తెగదు, పేరు మారుతుంది. ఒక వస్తువు అంచుగా మొదలైన గీత ఇంకో వస్తువు అంచుగా అయిపోతుంది.

మనవాళ్ళకి ఇది కొత్త కాదు. శ్లేష అంటే ఏమిటి? ద్వ్యర్థి కావ్యంలో ఒకే పద్యం ఇటు విరిస్తే రాముడి కథ, అటు విరిస్తే పాండవుల కథ. అక్షరాలు అవే, విరుపు వేరు. గ్రీస్ గీతతో చేసిన పని అదే. కప్పుగా చదివితే కప్పు, మోరగా చదివితే మోర. రెండూ ఒకేసారి కనబడవు. మీకు కప్పు గట్టిగా పట్టుకుంది, అది వదిలితేగానీ మోర రాదు.

లెక్కల_పంతులమ్మ
మాష్టారూ, ద్వ్యర్థి కావ్యం రాసిన కవి ఇది రెండర్థాల కావ్యమని ముందే చెప్పుకుంటాడు కదా. ఇక్కడ బొమ్మ పేరులో గళ్ళ గుడ్డ ఉంది, ఎద్దు లేదు. వందేళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు రెండో అర్థం తీస్తే అది శ్లేష అవుతుందా, మన కల్పన అవుతుందా?

డ్రాయింగ్_మాష్టారు
మంచి ప్రశ్న. పేరుతో తేలదు. వాళ్ళ అలవాటు చూడాలి. ఈ క్యూబిస్టుల గుంపు మొత్తానికి మాటలతో ఆట పిచ్చి. 1912లో పికాసో వేసిన ఒక కోడిగుడ్డు ఆకారపు బొమ్మ ఉంది. కేన్ కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్క దాని మీద అంటించి, చుట్టూ అంచుకి తాడు బిగించాడు. అందులో జే-ఓ-యూ అనే మూడక్షరాలుంటాయి. పేపరుని ఫ్రెంచిలో జూర్నాల్ అంటారు, ఆ మాటలో మొదటి మూడక్షరాలు. ఫ్రెంచిలో ఆడుకోవడం అనే మాట కూడా అలాగే మొదలవుతుంది. గ్రీస్ ఈ బృందంలోనివాడే. 1906లో పారిస్ వచ్చి పికాసో ఉండే భవనంలోనే గది తీసుకున్నాడు. అసలు పేరు కూడా హువాన్ గ్రీస్ కాదు, హోసే విక్టోరియానో గొన్సాలెస్. పేరే మార్చుకున్నవాడు కప్పుని మార్చడా?

యానాం_పిల్ల
అక్షరాల మాటొచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. మాది యానాం. 1954 దాకా మా ఊరు ఫ్రెంచివాళ్ళ కింద ఉంది. మా తాతగారు ఫ్రెంచి బడిలో చదివి, చివరిదాకా లెక్కలు ఫ్రెంచిలోనే కూడేవారు. ఆయన పుణ్యాన నాకూ నాలుగు ముక్కలు వచ్చు.

బొమ్మ పెద్దది చేసి చూశాను. వైన్ సీసా లేబుల్ మీద ఈ-ఏ-యూ అని మూడక్షరాలు ఉన్నాయి. ఫ్రెంచిలో మూడూ కలిపి "ఓ" అని పలుకుతారు. మామూలుగా చూస్తే బోజొలే అనే వైన్ పేరులో ముక్క. కానీ ఆంబోతుని వాళ్ళు "తొరో" అంటారు. ఆ మాట చివర కూడా సరిగ్గా ఈ మూడక్షరాలే. ఎడిసన్ నాన్నగారూ, మ్యూజియం వాళ్ళు ఈ సంగతి కూడా రాసి ఉండాలే?

ఇంకో తమాషా ఉంది. ఈ మూడక్షరాలూ విడిగా చదివితే "నీళ్ళు" అని అర్థం.

చింతచిగురు
వైన్ సీసా మీద నీళ్ళు అని రాశాడా!! మా ఊరి బెల్టుషాపు వాడు సీసాలో కలుపుతాడు గానీ పైన రాయడు. గ్రీస్ నిజాయితీపరుడు.

ఎడిసన్_నాన్న
అవునండీ, రాశారు. ఎద్దు గొడవలో పడి అది చెప్పడం మర్చిపోయా. అక్షరాలు మాత్రం నాకూ కనబడ్డాయి. చదవడం వచ్చు కదా మరి.

బీటెక్_బాధితుడు
డ్రాయింగ్ మాష్టారు చెప్పింది విన్నాక నాకు ఫస్టియర్ ఇంజినీరింగ్ డ్రాయింగ్ గుర్తొచ్చి చెమటలు పట్టాయి. అదీ ఇదే కదా? పైన ఎలివేషన్, మధ్యలో ఎక్స్‌వై గీత, కింద ప్లాను. ఒక సిలిండర్ ఇస్తారు. పై షీటులో దీర్ఘచతురస్రం, కింద గుండ్రం. గ్లాసుని ముందునుంచి చూస్తే ఒకటి, నెత్తిమీంచి చూస్తే ఇంకొకటి. క్యూబిస్టు గ్లాసు కూడా పక్కనుంచి చూసిన ఒళ్ళు, పైనుంచి చూసిన మూతి కలిపి కుట్టినట్టే ఉంటుంది. మధ్యలో ఎక్స్‌వై గీత చెరిపేశారు, అంతే.

నేను ఆ సబ్జెక్టు రెండుసార్లు తప్పాను. మూడోసారి పాసయ్యాక గీతలు గీసే పరికరం డ్రాఫ్టర్‌ని జూనియర్‌కి సగం ధరకి అమ్మి బిర్యానీ తిన్నా.

డ్రాయింగ్_మాష్టారు
బాధితుడుగారూ, సగం కరెక్టు. మీ షీటులో ప్లాను, ఎలివేషన్ చూసి మేస్త్రీ ఆ వస్తువుని తిరిగి చేయగలడు. షీటు ఉన్నదే అందుకు. గ్రీస్ బొమ్మ చూసి ఆ గ్లాసు ఎవరూ తయారు చేయలేరు. అన్ని వైపులనుంచీ ఒకేసారి చూపించడమే క్యూబిజం అని పాఠ్యపుస్తకాలు రాస్తాయి. నేనూ ముప్ఫై ఏళ్ళు అదే చెప్పాను. 1915 నాటి ఈ బొమ్మకి అది సరిపోదు. ఇందులో చూపు తిరగడం కన్నా పొరలు మీద పొరలు పడటం ఎక్కువ.

కానీ మీకు తెలియక మీరు మంచి చోట గుద్దారు. గ్రీస్ పారిస్ రాకముందు మాడ్రిడ్‌లో చదివింది మెకానికల్ డ్రాయింగే. 1902 నుంచి 1904 దాకా.

బీటెక్_బాధితుడు
అంటే అతనూ మనవాడే! ఇంజినీరింగ్ చదివి వేరే పని చేసుకున్నాడు. జీవితంలో మొదటిసారి ఒక మోడరన్ ఆర్టిస్టు నాకు పూర్తిగా అర్థమయ్యాడు.

డ్రాయింగ్_మాష్టారు
నవ్వుతాలుగా అన్నా ఆ చదువు అతన్ని వదల్లేదు. సెజాన్ (వీళ్ళకి ముందుతరం ఫ్రెంచి చిత్రకారుడు) సీసాని సిలిండర్‌గా మార్చాడు, నేను సిలిండర్‌తో మొదలుపెట్టి సీసా చేస్తాను అని తనే చెప్పుకున్నాడు. ముందు కాగితం మీద ఆకారాలు, కొలతలు. వస్తువులు ఆ తర్వాత వచ్చి వాటిలో కూర్చుంటాయి. ఇలా పనిచేసేవాడి దగ్గర ఒకే ఆకారంలోకి కప్పూ మోరా రెండూ వచ్చి కూర్చోవడంలో వింత లేదు. పంతులమ్మగారికి నా జవాబు ఇదే.

లెక్కల_పంతులమ్మ
ఒప్పుకోను గానీ, ఇందాకటికన్నా తక్కువ ఒప్పుకోకుండా ఉన్నాను.

పెయింటర్_కొడుకు
ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇవాళ రాయాలనిపించింది.

మా నాన్న ఇళ్ళకి పెయింట్లు వేసేవాడు. 90ల్లో తలుపులకి టేకు డిజైన్ అని ఒక పిచ్చి ఉండేది. తలుపు వేపదో తుమ్మదో అయినా టేకులా కనబడాలి. నాన్న ముందు పసుపు కలిసిన లేత రంగు కొట్టి ఆరబెట్టేవాడు. దానిమీద ముదురు బ్రౌన్ పల్చగా పూసి, అది తడిగా ఉండగానే దువ్వెన లాగేవాడు. తల దువ్వుకునే దువ్వెనే, అక్కడక్కడా పళ్ళు విరిచేసి. చెయ్యి కొంచెం వణికిస్తూ లాగితే గీతలు చెక్క పోగుల్లా వచ్చేవి. చెక్కకి కన్ను పెట్టాలంటే బొటనవేలు ఆనించి తిప్పి, దాని చుట్టూ దువ్వెన వంపు తిప్పేవాడు. నేను పక్కన కిరసనాయిలు గుడ్డ పట్టుకుని నిలబడేవాణ్ణి, తప్పు పోతే తుడవడానికి. నాన్న తుడిపించుకున్న సందర్భాలు తక్కువ.

ఈ క్యూబిస్టుల్లో బ్రాక్ అని ఒకాయన ఉన్నాడు. ఆయన తండ్రీ తాతా కూడా ఇళ్ళకి రంగులేసేవాళ్ళే, ఈయనా ఆ పనే నేర్చుకున్నాడు. దువ్వెనతో చెక్క డిజైన్ లాగడం తన బొమ్మల్లో పెట్టింది ఆయనే. పికాసోకి కూడా నేర్పాడు. పికాసో ఊరుకుంటాడా, 1912లో ఒక కవి బొమ్మ వేస్తూ అదే దువ్వెనతో ఆ కవికి జుట్టూ మీసాలూ లాగాడు. దువ్వెనతో జుట్టు! ఇది చదివిన రోజు నాన్నకి ఫోన్ చేసి చెప్పా. "జుట్టుకే కదా దువ్వెన, అందులో గొప్పేముంది" అన్నాడు.

యానాం_పిల్ల
మీ నాన్నగారికి దణ్ణం.

చింతచిగురు
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన ఆర్ట్ విమర్శలో ఇదే టాప్.

డ్రాయింగ్_మాష్టారు
పెయింటర్ కొడుకుగారు చెప్పిందానికి కొనసాగింపు. 1912లో బ్రాక్, పికాసో దక్షిణ ఫ్రాన్సులో సోర్గ్ అనే ఊళ్ళో ఉన్నారు. పక్కనే అవిన్యోన్‌లో ఒక కొట్లో చెక్క డిజైన్ అచ్చేసిన గోడ కాగితం బ్రాక్ కంట్లో పడింది. వెంటనే కొనలేదు. పికాసో పారిస్ బండెక్కేదాకా ఆగి, అప్పుడు వెళ్ళి తెచ్చుకున్నాడు. దాన్ని ముక్కలు కోసి అంటించి, మిగతాది బొగ్గుతో గీసి, పళ్ళ గిన్నె, గ్లాసు ఉన్న స్టిల్ లైఫ్ చేశాడు. కాగితం అంటించి చేసిన క్యూబిస్ట్ బొమ్మల్లో మొదటిదిగా చెప్పుకునేది అదే. అదీ లౌడర్ సేకరణలోదే.

మొద్దబ్బాయి
ఫ్రెండ్ ఊరెళ్ళేదాకా ఆగి ఐడియా కొట్టడం. స్టార్టప్ కథలా ఉంది.

పెయింటర్_కొడుకు
ఐడియా కొట్టలేదండీ, కాపాడుకున్నాడు. మా నాన్న కూడా రంగు కలిపేటప్పుడు వేరే పెయింటర్ వస్తే డబ్బా మీద గుడ్డ కప్పేవాడు.

లెక్కల_పంతులమ్మ
అందరూ ఎద్దు చుట్టూ తిరుగుతున్నారు. ఆ న్యూస్‌పేపరు సంగతేమిటి? ఈ బొమ్మ వేసిన 1915 మార్చి అంటే ఫ్రాన్సులో మొదటి ప్రపంచ యుద్ధం. ఆ రోజుల్లో కాఫీ బల్ల మీద పేపరంటే పొద్దున్నే ఎవరు పోయారో చూసుకోవడమే. నాకు ఆ చెల్లాచెదురంతా దానివల్లే అనిపిస్తోంది.

బీటెక్_బాధితుడు
యుద్ధానికి మూడేళ్ళ ముందే వీళ్ళ బల్లల మీద పేపరు ఉంది కదండీ. మాష్టారు చెప్పిన జే-ఓ-యూ 1912దే. కాఫీ హోటల్ బల్ల మీద పేపరు కాకపోతే ఏముంటుంది? మన ఇరానీ హోటల్లో నాలుగు బల్లలకి ఒక పేపరు, నలుగురికి నాలుగు పేజీలు. అది కూడా క్యూబిజమే.

డ్రాయింగ్_మాష్టారు
బాధితుడుగారి మాట నిజమే, పేపరు పాతదే. పంతులమ్మగారి మాటనీ తోసేయలేం. యుద్ధం గ్రీస్‌కి సరాసరి తగిలింది. అతని బొమ్మలు కొనే డీలరు కాన్‌వైలర్ జర్మన్. యుద్ధం మొదలవగానే పారిస్‌కి తిరిగి రాలేక స్విట్జర్లాండ్‌లో ఉండిపోయాడు, ఇక్కడి బొమ్మల సరుకంతా ప్రభుత్వం జప్తు చేసింది. గ్రీస్‌కి వచ్చే డబ్బు ఆగిపోయింది. బ్రాక్ సైన్యంలో ఉన్నాడు, ఈ బొమ్మ వేసిన రెండు నెలలకి మే 1915లో తలకి గాయమైంది. గ్రీస్ స్పెయిన్ మనిషి కాబట్టి యుద్ధానికి పోలేదు, పారిస్‌లోనే ఇబ్బందులు పడ్డాడు. అటువంటివాడు బల్లనిండా ద్రాక్షపళ్ళు, వైనూ, బీరూ వేశాడు. ద్రాక్షపళ్ళ మీద రంగు ఎంత మందంగా వేశాడో చూడండి. మిగతావన్నీ పల్చటి కాగితాల్లా ఉంటే అవి మాత్రం చేతికి అందేలా ఉంటాయి. ఆకలి అనను. కానీ చూస్తే మాత్రం నోరూరుతుంది.

లెక్కల_పంతులమ్మ
ఇది నాకు ఎద్దుకన్నా బాగుంది.

ఒంగోలు_గిత్త
నిన్నటినుంచి ఆలోచిస్తున్నా, ఎడిసన్ నాన్నగారికి ఎందుకు కనబడలేదో నాకు తట్టింది. జోక్ కాదు. ఆయన ఏ ఎద్దుని వెతికారు? మన ఎద్దుని. మన కళ్ళల్లో ఉన్నది మూపురం, మెడకింద వేలాడే గంగడోలు, కొమ్ములు పొట్టిగా మొద్దుగా. పైగా మనకి కేలండర్ల మీద, సంక్రాంతి ముగ్గుల పక్కన ఎప్పుడూ పక్కనుంచే కనబడుతుంది. స్పెయిన్ పోట్లాట ఆంబోతుకి అలాంటి మూపురం ఉండదు. కొమ్ములు రెండువైపులా బారుగా వంపు తిరిగి ముందుకొస్తాయి. అక్కడివాళ్ళకి అది తల వంచి ఎదురుగా వచ్చే మొహం. అందుకే గిటార్ వంపు వాళ్ళకి కొమ్ము, మీకు గిటార్.

డ్రాయింగ్_మాష్టారు
గిత్తగారూ, నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పలేని ముక్క మీరు చెప్పారు.

మోడరేటర్_2
ఎద్దు, ఆంబోతు, కోడె తేడాల మీద నాకు ప్రైవేటుగా పదకొండు మెసేజ్‌లు వచ్చాయి. దయచేసి దానికి వేరే థ్రెడ్ పెట్టుకోండి.

మొద్దబ్బాయి
కోడె అంటే దూడకీ ఎద్దుకీ మధ్యది కదా?

మోడరేటర్_2
పన్నెండు.

ఎడిసన్_నాన్న
అప్‌డేట్ ఇస్తానని చెప్పలేదు గానీ ఇస్తున్నా. బొమ్మ ఆఫీసు ప్రింటర్లో బ్లాక్ అండ్ వైట్ కొట్టి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో పెట్టా. గిత్తగారు చెప్పినట్టు మూపురం సంగతి మర్చిపోయి, ఎదురుగా వచ్చే మొహం అనుకుని చూశా. రెండు రోజులు ఏమీ లేదు. నిన్న రాత్రి గిన్నెలు కడుగుతూ, కళ్ళజోడు లేకుండా, వెనక్కి తిరిగి చూసేసరికి కన్ను కనబడింది. నన్నే చూస్తోంది. కింద కప్పు తడిమూతిలా ఉంది. చెవి మాత్రం ఇప్పటికీ బీరు సీసానే. ఎంత ప్రయత్నించినా అది చెవి కావడం లేదు.

సంతోషంగా అమ్మాయికి చెప్పబోయా. "నాన్నా, నేను ఎద్దు గురించి రాయట్లేదు. అది గోడ మీదే రాసుంది, కొత్తేముంది" అంది. రెండు పేజీలూ ద్రాక్షపళ్ళ మీద రాసింది. మాష్టారు చెప్పిన మందపాటి రంగు సంగతి నేనే దానికి చెప్పా, అంతకుముందే చూశానంది.

చింతచిగురు
బీరు సీసా బీరు సీసాలాగే కనబడటం ఆరోగ్య లక్షణం. డాక్టర్ దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

పెయింటర్_కొడుకు
నాన్నకి ఫోన్లో పంపించా ఈ బొమ్మ. ఎద్దు గురించి చెప్పలేదు. కాసేపు చూసి, "గళ్ళు భలే కొట్టాడ్రా, టేపు అంటించాడా చేత్తోనే వేశాడా?" అని అడిగాడు. ఎవరికైనా తెలుసా?